చేయి వెనక్కి తీసుకున్న రోజు

ఆరేళ్లుగా నా తలనొప్పిని ఎవరూ పట్టించుకోలేదు. క్యాంపస్ లైబ్రరీలో పాత పత్రికల విభాగంలో పనిచేస్తాను. మా ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికి, నన్ను సరిగ్గా పరీక్షించమని పదకొండు అర్జీలిచ్చాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ఫోన్లో క్రికెట్ చూస్తూ, నా ముఖం చూడకుండానే మాత్ర రాశారు. అది నేను మరిచిపోలేదు.

నా అవస్థ చూసి మా విభాగంలో పనిచేసే ఆమె, తార్నాకలో క్రేనియోసేక్రల్ థెరపీ చేసే ఒకావిడ అడ్రసు ఇచ్చింది.

"ఏం చేస్తరమ్మా గాడ?"

"తల పట్టుకుంటదన్నా. నువ్వు చెప్పేది వింటది గూడ. మాకైతే ఓపిక లేదు."

మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తు. అరవై దాటిన కోస్తా ఆవిడ, ఒకప్పుడు ఫిజియోథెరపిస్టు. చెప్పులు విప్పి, వేసుకున్న బట్టలతోనే మంచం మీద వెల్లకిలా పడుకోమంది. మెదడునీ వెన్నుపామునీ చుట్టి పొరలుంటాయనీ, వాటిలోని ద్రవానికి ఒక నెమ్మది లయ ఉంటుందనీ, పుర్రె నుంచి నడుము కింది ఎముక దాకా దాన్ని చేత్తో గమనించడమే ఈ పద్ధతి అనీ చెప్పింది.

"డాక్టర్లు దీన్ని ఒప్పుకోరండి, గట్టి రుజువు లేదంటారు. జబ్బు పోతుందని నేనూ చెప్పను. కొందరికి ఒళ్లు వదులవుతుంది, అంతే."

రెండు అరచేతులూ నా తల కింద పెట్టింది. రూపాయి బిళ్లంత బరువు కూడా లేదు. మా వారాసిగూడ మంగలి తల మీద దబదబా బాది, మెడ తిప్పి టక్కుమనిపిస్తాడు. నాకు తెలిసిన వైద్యం అది. ఆ టక్కు కోసం మెడ బిగబట్టుకుని ముప్పావుగంట ఎదురుచూశాను.

"మేడం, ఎప్పుడు మొదలువెడ్తరు?"

"అయిపోవస్తోందండి," అని నవ్వింది.

డాక్టరు గారి సంగతి ఎత్తాను. "అర్జీలు చెప్పుల పక్కన వదిలి రావాలండీ ఇక్కడికి," అంది. కాసేపటికి నా దవడ దానంతట అదే వదులైంది. అన్నేళ్లూ పళ్లు కరిచి పట్టుకుని ఉన్నానని అప్పుడే తెలిసింది. కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. నొప్పి పోలేదు. కానీ ఆ గంటసేపు, నాకు నొప్పి ఉందని ఎవరినీ నమ్మించాల్సిన పని లేకపోయింది.

ఐదు శనివారాలు వెళ్లాను. ఆరో శనివారం ఆమె తల కింద చేతులు పెడుతుంటే, ఎడమ చేతిలోంచి బైండు పుస్తకాలు జారిపోతున్నాయని మాటవరసకు అన్నాను. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"ఎన్నాళ్ల నుంచి? మాట తడబడుతోందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా? ఎవరికి చెప్పారు?"

"ఎవలడిగిన్రు మేడం?"

"లేవండి. ఇంక నేను ముట్టుకోను. తలలో ఏముందో తెలియకుండా చేయకూడదు, మా పద్ధతిలో అది దాటకూడని గీత. ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. స్కాన్ తీసి, ఫర్వాలేదని డాక్టరు రాసిస్తేనే మళ్లీ రండి."

"మీరు గూడ వెళ్లగొడ్తున్నరా?" అన్నాను. ఆమె నాతోపాటు మెట్లు దిగి, ఆటో ఎక్కించింది.

నేను ఆటోను క్యాంపస్‌కే పోనిమ్మన్నాను. ఉద్యోగులను స్కాన్‌కు పంపాల్సింది అక్కడి డాక్టరే. చేయి సంగతీ, తార్నాక ఆవిడ పంపిన సంగతీ చెప్పాను.

"చేతులు పెట్టి కనిపెట్టిందా అన్నా? నూనె గిట్ల రాయలేదా?" అన్నారు డాక్టరు గారు. కాంపౌండరు పకపకా నవ్వాడు. "టెన్షన్ అంతే. నాలుగు రోజులు లీవ్ పెట్టు."

స్కాన్‌కు చీటీ రాయలేదు. అది జరిగి మూడు వారాలు. ఇప్పుడు చొక్కా గుండీలు నా భార్య పెడుతోంది. "నీ పంతం పాడుగాను, పెద్దాసుపత్రికి నడువ్," అని రోజూ ఏడుస్తోంది. నేను కదలడం లేదు. ముప్ఫై ఏళ్లు ఈ క్యాంపస్‌లో పనిచేసినవాణ్ణి, ఒక్క చీటీకి కూడా నోచుకోలేదని ఒప్పుకుని పోవాలా? తార్నాక మంచమూ పోయింది. రాత్రి పడుకుంటే, పొద్దున ఈ చేయి లేస్తుందో లేదో తెలియదు.

డాక్టరు గారూ, ఇది పన్నెండో అర్జీ. నన్ను స్కాన్‌కు పంపిస్తారా, పంపించరా? పంపించనంటే అదే మాట సంతకం పెట్టి ఇవ్వండి. కుడి చేత్తో రాస్తున్నాను, ఇది కూడా పోకముందే జవాబు చెప్పండి.