నూనె ముట్టని చేతులు

పనిలో ఆమెను అందరూ శుభ్రమ్మక్క అంటారు. అసలు పేరు ఆమెకే ఒక్కోసారి కొత్తగా వినిపిస్తుంది. రాకెట్ ఇంజన్లను మండించి పరీక్షించే కేంద్రంలో, ఆక్సిజన్ వెళ్ళే గొట్టాలూ వాల్వులూ కడిగి ఆరబెట్టే గదిలో ఆమె ఉద్యోగం. వినడానికి అంట్లు తోమే పనిలాగే ఉంటుంది. కొత్తలో ఆమె భర్త అదే అనేవాడు.

"ఇంట్లో గిన్నెలు, అక్కడ గొట్టాలు. దేవుడు నీ నుదుటి రాత నీళ్ళతోనే రాశాడే!"

గిన్నెకు జిడ్డు మిగిలితే మహా అయితే కూర పాడవుతుంది. ఆ గొట్టంలో వేలిముద్రంత జిడ్డు మిగిలితే ఆక్సిజన్ తగిలి భగ్గుమంటుంది. గొట్టం ఉండదు, ఇంజన్ ఉండదు, పక్కన మనిషి ఉంటే వాడూ ఉండడు. అందుకే ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. తలకు నూనె లేదు, మొహానికి క్రీము లేదు, చేతులు పగిలితే వెన్న కూడా లేదు. నూనె ముట్టుకున్నవాళ్ళు ఒక పగలూ ఒక రాత్రీ గడిచేదాకా లోపల అడుగు పెట్టకూడదు, రెండు జతల గ్లవ్స్ వేసుకున్నా సరే. పెళ్ళైన ఏడాది చేరింది శుభ్రమ్మక్క. అప్పటి జడ ఇప్పుడు కొబ్బరిపీచు. చేతుల సంగతి అడక్కండి.

దానికి తోడు భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్. రోజంతా గ్రీజులో మునిగి తేలే మనిషి. ఒకరి ఇంజన్ జిడ్డు తాగి బతుకుతుంది, ఇంకొకరి ఇంజన్ జిడ్డు తగిలితే చస్తుంది, ఇదీ వాళ్ళ కాపురం! ఇంట్లో రెండు బకెట్లు, రెండు సబ్బులు, బట్టలారేసే తీగలు కూడా రెండు. ఆమె బకెట్ దగ్గరికి అతను వచ్చాడంటే "ఆగండక్కడ!" అని కేక పడేది. "ఊళ్ళో అప్పులవాణ్ణి కూడా ఇంత దూరం పెట్టరే" అని అతను గొణుక్కుంటూ తన బకెట్ దగ్గరికి పోయేవాడు.

అలాంటి ఇంటికి ఆమె తల్లి వచ్చి చేరింది. ముసలావిడకు ఉన్నది ఒక్కతే కూతురు, ఇంకెక్కడికి పోతుంది? చూపు మందగించింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. కాళ్ళలో నరాలు దెబ్బతిని, రెండు పాదాలూ నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. మందులు అంతంతమాత్రం. ఎవరైనా గోరువెచ్చటి నూనె రాసి మెల్లగా నిమిరితేనే ఆవిడకు కాస్త కునుకు పట్టేది. అందుకోసం ఒక ఆయాను పెట్టుకున్నారు. ఆ ఆయా కాస్తా పోయిన వారం చెప్పా పెట్టకుండా మానేసింది. అప్పట్నుంచీ కూతురు పొడి గుడ్డతో నిమురుతోంది. పొడి గుడ్డతో మంట తీరుతుందా, నా మొహం!

ఆ రోజు తెల్లవారేసరికి తల్లి మూలుగు వినలేక శుభ్రమ్మక్కకు ప్రాణం విసిగిపోయింది. ఇవాళ కడిగే పని లేదు కదా, బయట సామాను సర్దడమే కదా అనుకుని నూనె సీసా తీసింది. పాదాలు ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

"నీ చేతులేంటే అమ్మాయ్, గరుకు కాగితంలా ఉన్నాయి?" అంది తల్లి కళ్ళు మూసుకునే. "పాడు ఉద్యోగం. పువ్వుల్లాంటి చేతుల్ని ఏం చేసిందో చూడు." ఆ మాట పూర్తవుతూండగానే నిద్రలోకి జారిపోయింది.

శుభ్రమ్మక్క సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని బస్సెక్కింది.

దరిద్రం చెప్పి రాదు. వెళ్ళేసరికి పరీక్షల సారు గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఆ ఇంజన్‌తో కుస్తీ పట్టీ పట్టీ నలభై నిండకుండానే జుట్టు నెరిసినవాడు. సాయంత్రం ఇంజన్ మండించాలి, చూడ్డానికి పైవాళ్ళు వస్తున్నారు, ఆక్సిజన్ వాల్వు ఒకటి కారుతోంది. కొత్తది వెంటనే కడగాలి. కడిగే రెండో ఆవిడ సెలవులో ఉంది.

"మీరే దిక్కు అక్కా" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. నూనె ముట్టుకున్నానని చెబితే ఎందుకు ముట్టుకున్నావంటారు. అమ్మ సంగతి చెప్పాలి, ఆయా సంగతి చెప్పాలి, అందరూ అయ్యో అంటారు, పని ఆగుతుంది. అంత ఓపిక ఎవరికుంది? తెరిచిన నోరు మూసుకుని లోపలికి వెళ్ళింది. వాల్వు కడిగింది, ఆరబెట్టింది, గది చీకటి చేసి నీలి దీపం కింద తిప్పి తిప్పి చూసింది. జిడ్డుంటే ఆ దీపానికి మెరుస్తుంది. ఏమీ మెరవలేదు. సంచిలో పెట్టి సీలు వేసి ఇచ్చేసింది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి మొదటి ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే గుప్పున వాసన కొట్టింది. తల్లి కాళ్ళకు రాసిన నూనె. మణికట్టు పైన, మోచేతి దాకా అంటుకునే ఉంది. ముద్ద తిరిగి క్యారేజీలో పెట్టేసింది.

దొంగకు తేలు కుట్టినట్టు కాసేపు అలాగే కూర్చుంది. దీపానికి ఏమీ కనపడలేదు కదా, ఎవరికి తెలుస్తుంది? నిజమే, ఎవరికీ తెలియదు. అయితే అవతల షెడ్డులో ఆ వాల్వు బిగిస్తున్న ఫిట్టర్ ఈల వేస్తున్నాడు. ఆ ఈల ఇక్కడిదాకా వినిపిస్తోంది. క్యారేజీ మూత పెట్టేసి లేచింది.

"సార్, ఆ వాల్వు విప్పించండి" అంది.

"ఏమైంది అక్కా?"

"పొద్దున మా అమ్మ కాళ్ళకి నూనె రాశాను. మీకు చెప్పకుండా లోపలికెళ్ళాను."

సారు తిట్టలేదు. తిడితే బాగుండేది. స్టూలు మీద కూలబడి, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. తర్వాత ఫోనందుకుని, "ఇవాళ పరీక్ష లేదని చెప్పండి" అన్నాడు.

ఆక్సిజన్ లైను మొత్తం ఊడదీశారు. ముక్క ముక్కా నీలి దీపం కింద పెట్టి చూశారు. ఎక్కడా జిడ్డు లేదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మనకు ఎలుకైనా దొరకలేదు" అన్నాడు ఫిట్టర్. ఎవరూ నవ్వలేదు.

అందరూ వెళ్ళాక సారు ఆమె దగ్గరికి వచ్చాడు. "చెప్పి మంచి పని చేశారక్కా, కాకపోతే పొద్దున్నే చెప్పాల్సింది. శుక్రవారం మళ్ళీ పెడుతున్నాం. అప్పటిదాకా నూనె ముట్టుకోకుండా ఉండగలరా? కుదరదంటే ఇప్పుడే చెప్పండి, సామాన్ల గదికి మారుస్తాను. తప్పు పట్టను."

ఇన్నేళ్ళూ ఆమెకంటూ మిగిలింది ఆ గది ఒక్కటే. అక్కడ ఆమె సరేనంటేనే వస్తువు బయటికొస్తుంది.

"ముట్టుకోను సార్" అంది. అన్నాక, బస్సులో కూర్చున్నాక గానీ ఏం మాటిచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి భర్తకు జరిగిందంతా చెప్పింది.

"ఓస్, ఇంతేనా! నా చేతులు పోయాయా ఏంటి?" అని అతను గదిలోకి నడిచాడు. "అత్తయ్యగారూ, నేను రాస్తానండీ."

ముసలావిడ ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకుంది. "అయ్యో రాత! అల్లుడి చేత కాళ్ళు పట్టించుకోవడమా? నేను చచ్చాక పట్టుదువు గాని పో నాయనా. అమ్మాయ్, మీ ఆయన్ని అవతలికి పొమ్మనవే!"

"ఇన్నేళ్ళుగా బస్సులకి గ్రీజు పెడుతున్నానండీ. ఒక్క బస్సూ సిగ్గుపడలేదు."

ఆవిడ నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

దీపాలు పెట్టే వేళకు మూలుగు మళ్ళీ మొదలైంది. శుభ్రమ్మక్క గుమ్మంలో చతికిలబడింది. పొద్దుటి నూనె ఇంకా ఆ పాదాలకే ఉంటుందని, లోపలికి వెళ్ళి పొడి గుడ్డ పట్టుకునే ధైర్యం కూడా లేదు. "కన్నతల్లికి పనికిరాని చేతులు ఎందుకండీ నాకు?" అని ఏడ్చింది.

అతను పెరట్లోకి వెళ్ళి ఆమె బకెట్లో నీళ్ళతో, ఆమె సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఆమె ఆగమనలేదు. అతను చప్పుడు చేయకుండా వచ్చి మంచం చివర కూర్చుని, నూనె అరచేతిలో వెచ్చబెట్టి, పాదం మీద చెయ్యి వేశాడు. ఎన్నో ఏళ్ళు గ్రీజులో నానిన చేతులవి.

మూలుగు సగంలో ఆగింది.

"అమ్మాయ్" అంది తల్లి, గోడవైపు తిరిగే. "ఇవాళ నీ చేతులు మెత్తగా ఉన్నాయే."

భర్త తలెత్తి చూశాడు. శుభ్రమ్మక్క గుమ్మం దగ్గర్నుంచే గొంతు సవరించుకుంది. "సెలవు పెట్టానమ్మా."

"మంచి పని చేశావు." కాసేపాగి మళ్ళీ అంది. "అల్లుడికి అన్నం పెట్టవే. పొద్దస్తమానం బస్సుల కింద పడుంటాడు, పాపం."

"పెడతానమ్మా."

ముసలావిడ సరేనన్నట్టు ఊఁ కొట్టింది. తర్వాత చెయ్యి మెల్లగా కిందికి చాపి, మోకాళ్ళ దాకా జరిగిన దుప్పటి అంచును చీలమండల దాకా లాక్కుని సర్దుకుంది. కూతురు కాళ్ళు పట్టేటప్పుడు ఆవిడ ఏనాడూ అలా లాక్కోలేదు.