రాఘవన్న, రింగు, ముత్తుకూరు ప్లయర్

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది.

"చిన్నాన్నా, నాయన పోయినాడు."

ఎవరి నాయన అని అడిగాను. అంత తెలివితక్కువగా అడిగాను. మొన్న సాయంత్రమే రాఘవన్న వీడియో కాల్ చేసి, మా ఇంటి మోటార్ శబ్దం బాగాలేదని నాతో అరగంట వాదించాడు. అలాంటి మనిషి పోయాడంటే ఎలా నమ్మేది?

రాఘవన్న మా పెదనాన్న కొడుకు. ఇద్దరం కలిసి సేద్యం చేశాం.

ఏడుపు మీతో పంచుకోవాలని లేదు. ఆయన పెళ్లి కథ చెప్తాను. మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

అరవైల మొదట్లో మాట. ముత్తుకూరు దగ్గర మా చేను. దొరువులో, అంటే చేలో తవ్వుకున్న నీటిగుంటలో, నీళ్లు తోడటానికి కొత్తగా ఆయిల్ ఇంజన్ పెట్టుకున్నాం. వరి పొట్ట మీదుంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది.

అన్న విప్పి చూశాడు. పిస్టన్ పిన్ను తిరిగే బుష్ అరిగిపోయింది. నెల్లూరు వెళ్లి కొత్త బుష్ తెచ్చాడు. కానీ అది వేయాలంటే పిన్ను బయటికి రావాలి. పిన్ను జారిపోకుండా రెండు వైపులా స్ప్రింగులాంటి రింగులు.

ఆ రింగు రాదే!

స్క్రూడ్రైవర్‌తో నేను పెళ్లగించబోయాను. జారి నా బొటనవేలు చీరింది. మేకుతో లాగబోతే అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"మొరటుగా లాగబాకరా. విరిగిందంటే ఇంకోటి మదరాసు నుంచి రావాల. అందాక చేను ఉంటదా?"

రింగు కొసల్లో రెండు సన్న బెజ్జాలున్నాయి. వాటిలో పట్టే పనిముట్టు ఏదో ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. సైకిలెక్కి ముత్తుకూరు రైస్‌మిల్లు ఫిట్టర్ గారింటికి పోయాడు.

ఫిట్టర్ గారు లేరు. కూతురు కస్తూరి ఉంది. అన్న రింగు సంగతంతా చెప్తే వినింది.

"సర్‌క్లిప్ ప్లయర్ కావాలంటావు. ఆ రింగు ఏదన్నా బెజ్జం లోపల కూర్చోనుందా, కడ్డీ మీద ఎక్కిందా?"

అన్నకు తెలియదు. తెలియదనడానికి నామోషీ. "కడ్డీ మీదే" అన్నాడు.

ఆమె ఇచ్చిన ప్లయర్ తెచ్చి రింగులో పెట్టి నొక్కితే, దాని ముక్కు మూసుకోవాల్సింది పోయి తెరుచుకుంటోంది! నొక్కేకొద్దీ రింగు గాడిలోకి ఇంకా బిగుసుకుంటోంది. నేను పడీపడీ నవ్వాను. లోపలి రింగుకు నొక్కితే మూసుకునేది కావాలి, కడ్డీ మీది రింగుకు తెరుచుకునేది. అదీ సంగతి.

మళ్లీ బయల్దేరాడు. ఈసారి తల దువ్వుకున్నాడు.

"ప్లయర్‌కి తల దువ్వేదెందుకన్నా?"

"గమ్మునుండు."

రెండోది సరిపోయింది. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా నొక్కితే, అంత సతాయించిన రింగు సద్దు లేకుండా చేతిలోకొచ్చింది. బుష్ మార్చాం. మర్నాటికి చేలో నీళ్లు పారాయి. మా పెద్దమ్మ గట్టు మీద నిలబడి కళ్లొత్తుకుంది.

ప్లయర్ నేనిచ్చి వస్తానంటే వినలేదు. నన్ను వెంట మాత్రం తీసుకెళ్లాడు. ఈసారి ఫిట్టర్ గారు ఇంట్లోనే ఉన్నారు.

"ఒక రింగుకి ఇన్నిసార్లు వస్తారా అబ్బయా?"

"రింగు పని అయిపోయిందండీ. మీ అమ్మాయిని ఇమ్మని అడిగేదానికి వచ్చినాను."

ఆయన అన్నను ఎగాదిగా చూసి, "ముందు ఆ ప్లయర్ అక్కడ పెట్టు" అన్నారు. లోపల గదిలో ఎవరో పక్కున నవ్వారు.

మా పెద్దమ్మ మాత్రం నెల రోజులు అన్నతో మాట్లాడలేదు. "నట్లు బిగించేవాళ్ల పిల్ల మనకెందుకు" అంది. అన్న పట్టు విడవలేదు. పెళ్లయిన ఏడాదికే ఆ పెద్దమ్మ కోడలు వడ్డిస్తేగానీ అన్నం ముట్టేది కాదు.

రెండోసారి పోవడానికే తప్పు చెప్పావు కదా అని అన్నను ఎన్నిసార్లు అడిగానో. మీసం దువ్వుకునేవాడు, అంతే.

నిన్న నేను వెళ్లేసరికి కస్తూరి వదిన పెద్దగా ఏడవడం లేదు. వచ్చినవాళ్లందరినీ షామియానా కిందికి పిలిపించి మజ్జిగ ఇప్పించింది.

"ఆయన ఎవురినీ ఎండలో నిలబెట్టినోడు గాదు" అంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

పోయిరా రాఘవన్నా. ఎక్కడున్నా చల్లగా ఉండు. వదినను మేం చూసుకుంటాం.