మదాం అవా కట్ చేసిన ఫోన్లు

నిన్న సాయంత్రం అల్ కుసైస్‌లో చాయ్ దుకాణం ముందు నిలబడగానే, కరక్ చాయ్‌లో దంచి వేసిన అల్లం వాసన గుప్పుమంది. శుభవార్త చెబుదామని నాన్నను అక్కడికే రమ్మన్నాను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బండ్లకు రంగులు వేసే గ్యారేజీ నుంచి నేరుగా వచ్చాడు. "ఏందిరా, మొఖం గట్ల ఎలుగుతున్నది?" అన్నాడు. మా ఆఫీసులో పశ్చిమ ఆఫ్రికా డెస్క్‌కు నన్నే పెద్దను చేశారని చెప్పాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. నాన్న చాయ్ తాగడం మరిచిపోయి, పక్క బెంచీ మీది పఠాన్‌కు కూడా ఉర్దూలో ఆ వార్త చెప్పాడు. అంత సంతోషంలోనూ ఆ అల్లం వాసన నాకు కోపం తెప్పించింది. ఆ కుర్చీ మదాం అవాది.

మదాం అవాది పశ్చిమ ఆఫ్రికాలోని అబిజాన్ నగరం. యాభై దాటిన మనిషి, తలకు పూల గుడ్డ చుట్టుకునేది. ఘాటైన అల్లం రసం సీసాలో తెచ్చి అందరికీ తలా కాస్త పోసేది. జెబెల్ అలీలో ఓడల మీద సరుకు పంపే మా ఆఫీసులో ఫ్రెంచి ఫోన్లన్నీ ఆమే ఎత్తేది. కరోనా ఆంక్షలు పోయాక నేను అక్కడ ప్రొబేషన్‌లో చేరాను. నా ఫ్రెంచి ఎలాంటిదో మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంటర్‌లో మార్కులు బాగా పడతాయని సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకునే ఫ్రెంచి అది. పారిస్‌లో గడిపిన సెలవుల గురించి స్నేహితుడికి రాసే లేఖ ఇప్పటికీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పగలను. ఆ మార్కులు చూసే ఉద్యోగమిచ్చారు. ప్రొబేషన్ గట్టెక్కకపోతే వీసా రద్దు, ఇంటి దారి. నాన్న అప్పటికే తానుండే లేబర్ క్యాంపంతా నా ఉద్యోగం సంగతి చాటేశాడు.

నాకొచ్చిన మొదటి ఫోన్ అబిజాన్‌లో పాత కార్ల సామాను అమ్మే వర్తకుడిది. "ఓఁ దీ క్వా?" అన్నాడు. ఏమిటి సంగతులని అక్కడివాళ్ల రోజువారీ పలకరింపు. ఏ పాఠంలోనూ లేదు. నేను పుస్తకం భాషలో ఎంతో మర్యాదగా కంటైనర్ నంబర్ అడిగాను. అతను ఫోన్ అవాకు ఇవ్వమన్నాడు. ఆమె అతని తల్లి మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి, పిల్లలు, వానలు అన్నీ అడిగి, చివరికి నంబర్ రాబట్టింది.

మర్నాటి నుంచి భోజనం వేళ నాకు పాఠాలు. పక్క డెస్క్ నుంచి ఆమెకే ఫోన్ చేయాలి. ఇంట్లోవాళ్ల మంచిచెడ్డలు అడక్కముందే పని మాట ఎత్తితే టక్కున కట్ చేసేది. నా మొహం చూసి డెస్కంతా నవ్వేది. ఓసారి విసుగొచ్చి, ఇంత సాగదీత ఎందుకని అడిగాను.

"మోఁ పెతీ, మీ నాన్న ఫోన్ చేస్తే ముందు ఏమడుగుతాడు?" అంది. మోఁ పెతీ అంటే చిన్నోడా అని. అందరి ముందూ నన్ను అలాగే పిలిచేది.

"తిన్నవా అని."

"కంటైనర్ నంబర్ అడగడూ?"

ఆ తర్వాత పాఠం వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఎలా ఉన్నారంటే అక్కడివాళ్లు "ఓనే లా" అంటారు. ఉన్నాం, అంతే. మా జగిత్యాల వైపు "ఉన్నం, గిట్లనే" అనే మాటే అది. అది తెలిశాక నా నోరు తెరుచుకుంది.

కానీ మా ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు, ఫోన్ మీద ఎంతసేపున్నామన్నదే లెక్క. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో చూపే గోడ మీది తెరపై ఆమె పేరు ఎప్పుడూ ఎర్రగా మెరిసేది. ఒకరోజు మా ఇద్దర్నీ కేబిన్‌లోకి పిలిచి, ఆమె ఎదుటే నన్నడిగాడు: "తూ పఢా లిఖా హై, బోల్, యే అస్లీ ఫ్రెంచ్ హై క్యా?"

నా కన్ఫర్మేషన్ అతని సంతకం మీదే ఉంది. అయినా ఆమెది అసలైన ఫ్రెంచేనని, నేను మాట్లాడేదంతా ఆమె నేర్పిందేనని చెప్పాను. అతను నవ్వాడు. యూరప్ యాస ఉన్నవాళ్లు కావాలట. ఫ్రెంచిలో నమస్కారం కూడా చెప్పలేని మనిషి ఆమె మాతృభాషకు మార్కులు వేశాడు. అంతకు ముందు వారమే, పలకరింపుల్లో ఒక వర్తకుడి ఇంట చావు జరిగిందని తెలుసుకుని, విడిపించుకునేవాళ్లు లేక అతని సరుకు అక్కడి పోర్టులో చిక్కుకోకుండా, ఓడ ఎక్కించడం ఆపించింది ఆమె. గోడ మీది తెరకు అవేం కనిపిస్తాయి? ఆమె కాంట్రాక్ట్ ఖలాస్ అని అబిజాన్‌కు పంపేశారు. ఆమె కుర్చీలో తక్కువ జీతానికి నన్ను కూర్చోబెట్టారు. యూరప్ యాసవాళ్లు ఎవరూ రానేలేదు. వర్తకులు మాత్రం నెలల తరబడి ఆమెనే అడిగారు.

ఇప్పుడు పెద్దను చేస్తామంటే, నా డెస్క్ వాళ్లెవరి పేరూ ఆ తెర మీద ఉండకూడదన్నాను. మా ఫోన్లు ఎందుకు సాగుతాయో ఈసారి నిలబడి వివరించాను. ఒప్పుకున్నారు. అదే మాట ఆమె చెప్పినప్పుడు ఎందుకు వినలేదన్న మంట మాత్రం చల్లారలేదు.

నాన్న వెళ్లాక, ఆ దుకాణం ముందు నుంచే అబిజాన్‌కు ఫోన్ చేశాను. ఆమె హలో అనగానే ఆగలేక, "మదాం, నన్ను డెస్క్ హెడ్‌ను చేశారు" అన్నాను.

టక్కున కట్ అయింది.

మళ్లీ చేశాను. వాళ్లమ్మ ఎలా ఉందని అడిగాను, మనవళ్ల గురించి అడిగాను, వానల గురించి అడిగాను. తనెలా ఉందో అడిగాను.

"ఓనే లా," అంది. "ఇప్పుడు చెప్పు, మోఁ పెతీ. మళ్లీ మొదటినుంచి."