పిచ్చమ్మ చేపకు పదకొండు పాయింట్లు

నెల్లూరు మైపాడు గేటు దగ్గర కామాక్షయ్య స్టిక్కర్ల షాపులో ఓబులేసు మౌసు పట్టుకునే తీరు చూస్తే కొత్తవాళ్ళకు నవ్వొస్తుంది. చిటికెన వేలు బల్లకు ఆనించి, మణికట్టు గాల్లోకి లేపి, ఊపిరి బిగబట్టి కదుపుతాడు. గీత పూర్తయ్యాక మౌసును ప్యాంటుకు తుడుస్తాడు. ఇరవై ఏళ్ళు గోడల మీదా లారీల మీదా కుంచెతో బొమ్మలేసిన చెయ్యి అది. కుంచె పోయింది, తుడిచే అలవాటు పోలేదు.

కంప్యూటరు అతనికి ఎవరూ నేర్పలేదు. కామాక్షయ్య మధ్యాహ్నం భోజనానికి పోయే గంటలో, ఏది నొక్కితే ఏమవుతుందో నొక్కి చూసి నేర్చుకున్నాడు. ఆ చదువులో ఒకసారి ఎవరో పెళ్ళికొడుకు పేరు శుభలేఖలోంచి మాయమైపోయింది కూడా.

ఇప్పుడతని పని ట్రేసింగు. ఫోటోను తెర మీద పెట్టుకోవడం, బొమ్మ అంచు వెంబడి అక్కడక్కడా పాయింట్లు పెట్టడం, ఒక్కో పాయింటుకు అటూ ఇటూ పుల్లల్లా పొడుచుకొచ్చే పిడులను లాగి గీతను కావలసినట్టు వంచడం. ఆ గీత వెంటే కటింగ్ మిషను బ్లేడు నడుస్తుంది, రేడియం షీటు తెగి స్టిక్కరవుతుంది. ఓబులేసు మామూలుగా మాట్లాడే మనిషి కాదు. పాయింట్ల సంగతి ఎత్తితే మాత్రం ఆపడం కష్టం. పాయింటంటే పులుసులో ఉప్పంటాడు, తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే ఎవరూ బాగు చెయ్యలేరంటాడు. ఇంట్లో భార్య రోజా దోసె వేసి పెడితే, దాని అంచు వంక చూస్తూ దీనికి ఆరు పాయింట్లు చాలు అనుకుంటాడు. ఆమె తింటావా, కొలతలు తీస్తావా అని అడిగి, రెండో దోసె ఆపేస్తుంది.

ఈ నిదానం కామాక్షయ్యకు నచ్చడం మానేసి ఆరు నెలలైంది. డిప్లొమా చదివిన సుశీల్ కుమార్ షాపులో చేరాక, ఓబులేసు గంట కూర్చునే పనిని అతను ఒక బటను నొక్కి టీ తాగొచ్చేలోపు చేస్తున్నాడు. సాఫ్ట్‌వేరే ఫోటోను చూసుకొని అంచులు గీసేస్తుంది. ఇంతలో సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే రోజులొచ్చాయి. మైపాడులో బోట్లన్నిటికీ రంగులు పడుతున్నాయి. వాటి స్టిక్కర్ల పనంతా మన షాపుకే రావాలని కామాక్షయ్య ఆశ. మొదటి బోటు ముత్యాలయ్యది. దాని బొమ్మ ఎవరు సరిగ్గా చేస్తే సిస్టమ్ ముందు వాళ్ళే కూర్చుంటారనీ, రెండోవాళ్ళు వెనక గదిలో ఫ్లెక్సీలకు ఫ్రేములు కొట్టుకోవాలనీ చెప్పేశాడు. ఓబులేసు మౌసును రెండుసార్లు తుడిచాడు.

ముత్యాలయ్య పాత బోటు ముక్కు మీదున్న చేప బొమ్మను ఫోన్లో తీసుకొచ్చాడు. పాత బోటు పగిలిపోయింది, కొత్త ఫైబర్ బోటు శుక్రవారం నీళ్ళలోకి దిగాలి. బొమ్మ మాత్రం అదే ఉండాలి. వేట నుంచి బోట్లు తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డున తట్టలతో నిలబడ్డ ఆడవాళ్ళు ముక్కు మీద బొమ్మను బట్టే ఎవరిది ఏదో పోల్చుకుంటారు.

సుశీల్ కుమార్ బటను నొక్కాడు. సాఫ్ట్‌వేరు చేపను గీసింది. చేప మీది బీటలను, పెచ్చులూడిన రంగును, పక్కనే ఎండిపోయిన నాచును కూడా ఏ భేదమూ చూపకుండా గీసింది. పద్నాలుగు వందల పాయింట్లు. మిషను బ్లేడు ఒక్కో పాయింటు దగ్గర ఆగి, తిరిగి, తడబడి, చివరికి షీటును ఈకలు పీకినట్టు చేసిపెట్టింది. చుట్టూ ఉన్న మిగులు పొర ఒలవబోతే చేప తోక కూడా దాంతోనే వచ్చేసింది.

తర్వాత ఓబులేసు కూర్చున్నాడు. ఫోటోలో చేప మూతి పైకి ఎత్తుకొని ఉంది, పొట్ట ఉబ్బి మధ్యలో నొక్కుకుపోయింది, తోక ఒక పక్కకు వాలింది. ఎవడో చేతకానివాడు వేశాడనుకొని జాలిపడ్డాడు. మూతి దించాడు, పొట్ట సర్దాడు, తోక నిలబెట్టాడు. ఇరవై రెండు పాయింట్లలో వంజరం చేప నిగనిగలాడుతూ తయారైంది. బ్లేడు ఒక్కసారి కూడా తడబడలేదు. కుడివైపుకు ఒకటి, ఎడమవైపుకు దాన్నే తిప్పి ఇంకొకటి కోసి, బుధవారం తనే బస్సెక్కి మైపాడు పోయి అతికించాడు. బాగుందని చుట్టూ చేరినవాళ్ళంతా అన్నారు.

ముత్యాలయ్య వాళ్ళమ్మ పిచ్చమ్మ వల దులుపుకుంటూ వచ్చి, బోటు ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"చేప బాగుండాదబ్బయ్యా. ఎవురిది?"

జనం నవ్వారు. ఓబులేసుకు అర్థం కాలేదు. ముత్యాలయ్య తల గోక్కుంటూ అసలు సంగతి అప్పుడు చెప్పాడు. పాత బోటు కొన్న రోజు పెయింటరు రాలేదు. ముహూర్తం దాటిపోతుంటే, పిచ్చమ్మే కర్రకు గుడ్డ చుట్టి, నీలం రంగులో ముంచి ఆ చేపను వేసింది. అప్పట్నుంచి, ఆ ఉబ్బిన పొట్టను చూసి ఒడ్డు పొడుగునా దాన్ని వంకాయ చేప అంటారు. ఆ పేరు చెబితే ఏ వ్యాపారయినా ముత్యాలయ్య బోటు దగ్గరికే వస్తాడు.

"నువ్వు ఏసిన చేపను దూరంనుంచి జూస్తే ఎవురో బయటూరోళ్ళ బోటనుకోని ఇంటికి బోతాను" అంది పిచ్చమ్మ. "మావోడు ఒడ్డున నిలబడి అమ్మా అమ్మా అని అరుచుకోవాల."

ఈ కబురు ఓబులేసు కంటే ముందే ఫోన్లో షాపుకు చేరింది. కామాక్షయ్య నుంచి ఫోనొచ్చింది. అతను ఎత్తగానే, వెనకనుంచి సుశీల్ కుమార్ నా దాంట్లో వంకాయన్నా ఉండింది అన్నా అనడం వినిపించింది. కామాక్షయ్య గట్టిగా ఏమీ మాట్లాడలేదు. గురువారం సాయంత్రానికి ఆ తల్లి ఇది నాదే అనాలి, అనకపోతే శనివారం నుంచి ఫ్రేములే అని పెట్టేశాడు.

ఓబులేసు తిరుగు బస్సెక్కలేదు. సిగ్గు మింగుకొని పిచ్చమ్మ దగ్గరికి పోయి, ఆ చేపను ఇంకోసారి గియ్యమని అడిగాడు.

"ఇప్పుడెట్ట గీసేది? అప్పుడంటే ముహూర్తం తరిమింది."

"ఇప్పుడు మా ఓనరు తరుముతుండాడు పెద్దమ్మా."

ఆమె నవ్వి, తడి ఇసుకలో పుల్ల పెట్టింది. ఓబులేసు తెర మీద మూతి దగ్గర మొదలుపెట్టాడు, ఆమె తోక దగ్గర మొదలుపెట్టింది. కింది గీత సగం దాకా లాగి, ఆగి, చీర కుచ్చెళ్ళు సర్దుకొని ఒక అడుగు పక్కకు వేసి, మళ్ళీ అందుకుంది. పొట్ట మధ్యలో ఉన్న నొక్కు అదే. అది చేతకానితనం కాదు. అంత పెద్ద చేపను ఒకే చోట నిలబడి గియ్యడం ఎవరి తరమూ కాదు. మూతి పైకి పోవడానికి కారణం కూడా తెలిసింది, అక్కడ ఆమె పుల్లను విసురుగా ఎత్తేస్తుంది.

అల వచ్చి చేపను తీసుకుపోయింది. మళ్ళీ గియ్యమన్నాడు. మూడుసార్లు గీయించాడు. మూడుసార్లూ ఆమె చెయ్యి ఆగినచోటే ఆగింది. ఓబులేసు బొమ్మను చూడడం మానేసి, ఆగిన చోట్లు లెక్కపెట్టాడు. పదకొండు.

గురువారం పొద్దున సిస్టమ్ ముందు కూర్చొని, ఆ పదకొండు చోట్లే పాయింట్లు పెట్టాడు. పుల్లలను ఆమె చెయ్యి పోయిన దిక్కుకు లాగాడు. కష్టమంతా పొట్ట నొక్కు దగ్గరే వచ్చింది. అక్కడ గీతను నున్నగా చేసే బటను ఉంది. ఓబులేసు వేలు దాని మీదికి మూడుసార్లు పోయింది. మూడోసారి ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకొని వెనక్కి లాగాడు. ఈ దృశ్యం చూసి సుశీల్ కుమార్ నవ్వబోయి, తెర మీద చేపను చూసి ఆగిపోయాడు.

సాయంత్రం ముందటి స్టిక్కర్లు ఒలిచి కొత్తవి అతికించారు. పిచ్చమ్మ దగ్గరికి రాలేదు. నీళ్ళ అంచు దాకా నడుచుకుంటూ పోయి, వెనక్కి తిరిగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. ఓబులేసు చేతిలో మౌసు లేకపోయినా అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నాదే" అంది ఆమె అక్కణ్ణుంచే. తర్వాత దగ్గరికొచ్చి, "ఆ పొట్టేందబ్బయ్యా, అంత లావు బెట్టినావు?" అని అడిగింది.

నువ్వు గీసిందే పెద్దమ్మా అని అతనన్నాడు. నేను గీసినప్పుడు అంత లావు లేదని ఆమె తేల్చేసింది. ముత్యాలయ్య అమ్మ వెనక నిలబడి, ఏమీ అనొద్దని సైగ చేశాడు. ఓబులేసు ఒలిచిన స్టిక్కర్లను చుట్ట చుట్టుకున్నాడు.

శనివారం కామాక్షయ్య మెచ్చుకోలేదు, ఫ్రేముల మాట కూడా ఎత్తలేదు. లోపలికొచ్చిన ముగ్గురు బోటు యజమానులను ఓబులేసు బల్ల చూపించి, అక్కడ అడగండి అని పోయాడు. మొదటాయన ఫోన్లో ఎండ్రకాయ బొమ్మ ఉంది, కొండీలు కాకుండా ఒక పక్క కాళ్ళు నాలుగు, ఇంకో పక్క ఐదు. సుశీల్ కుమార్ స్టూలు జరుపుకొని వచ్చి, ఇందులో ఒక కాలు తీసేద్దామా అన్నా అని మెల్లగా అడిగాడు.

ఓబులేసు వచ్చినాయన వైపు తిరిగి, "ఈ బొమ్మ ఏసినోళ్ళు ఉండారా?" అన్నాడు. "ఉంటే రొంత పిలుచుకోని రా అన్నా. ఆ తొమ్మిదో కాలు యాడ మొదలుబెట్టినారో అడగాల."