నవాహో అవ్వ దగ్గర మా అమ్మ మాటలు

ఈ వేసవిలో మా వీధికి మూడు రోజులకోసారి నీళ్ళ ట్యాంకరు వస్తోంది. కడపలో ఇది కొత్త సంగతేమీ కాదు గాని, మొన్న పొద్దున అరుగు మీద కూర్చుని చూస్తుంటే, ఎదురింటి కోడలు నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము నిండగానే మూత బిగించి, దాన్ని ఒక పక్కకు వంచి, అంచు మీద నిలబెట్టి మెల్లగా తిప్పుకుంటూ గేటు లోపలికి తీసుకుపోయింది. సరిగ్గా అట్లాగే డ్రమ్ము తిప్పడం నేను నేర్చుకున్నది ఈ కడపలో కాదు, అమెరికాలో. నా ఈడువాళ్ళు నమ్మరు గాని, ఆ దేశంలో నేను మొట్టమొదట నేర్చుకున్న పని అదే.

ఇరవై ఏళ్ళ పైమాట. అప్పటికి నాకు యాభై నిండాయి. మావారు పోయి రెండేళ్ళయింది, కూతురు పెళ్ళయి కర్నూల్లో కాపురం చేసుకుంటోంది, బడి నుంచి ఇంటికొస్తే పలకరించే గొంతు లేదు. అట్లాంటి రోజుల్లో మా బడిలో సైన్సు చెప్పే ఆవిడ, అమెరికా బళ్ళలో లెక్కల టీచర్లు కావాలట అని ఒక కాగితం చూపించింది. ఆవిడ సరదాకే చూపించింది, నేనే నిజంగా పట్టుకున్నాను. ఎందుకు వెళ్ళావని తర్వాత చాలామంది అడిగారు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది, అంతే.

ఇక్కడ నా పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి. మాది వేంపల్లె దగ్గర ఒక పల్లె. మా నాయన ఊరి చర్చిలో వాక్యం చదివేవాడు, మా అమ్మ శెనక్కాయ చేలల్లో కలుపు తీసేది, ఇంటి దగ్గర నాలుగు మేకలు సాకేది. నన్ను తొమ్మిదో ఏట మిషను హాస్టల్లో వేశారు. మొదటి రోజే వార్డెనమ్మ, కోస్తా నుంచి వచ్చిన మనిషి, నీ పెట్టె ఎక్కడుందని అడిగితే నేను "ఆడ ఉండాది" అన్నాను. హాలంతా నవ్వు. ఆమె నన్ను నిలబెట్టి, "ఉండాది" కాదు "ఉన్నది" అని నూరుసార్లు చెప్పించింది. ఆమె చెడ్డ మనిషి కాదు, పిల్ల బాగుపడాలనే చేసింది. నేను నెలరోజులు నోరు మెదపలేదు, మెదిపిన తర్వాత మాత్రం పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడాను. క్రిస్మసు సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అమ్మ నా మాటలు విని, "ఏం మే, దొరసాని మాదిరి మాట్లాడతాండావు?" అని మురిసిపోయింది. మురిపెం వెనకాల ఇంకేదో కూడా ఉండిందని తెలుసుకునే వయసు కాదు నాది.

తర్వాత నేను టీచరునై, కడపలో ఇల్లు పెట్టుకున్నాక, మా అమ్మ వచ్చి ఉన్నన్ని రోజులూ నా తోటి టీచర్లు ఎవరైనా ఇంటికొస్తే వంటింట్లోకి పోయి కూర్చునేది. నాకు నామోషీ అవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం, రామ్మా, వచ్చి మాట్లాడు అని ఒక్కనాడూ పిలవలేదు. ఆమె అట్లాగే పోయింది.

అమెరికాకు తిరిగి వస్తాను. అరిజోనా రాష్ట్రంలో, నవాహోలనే ఆదివాసుల సీమలో, ఒక చిన్న ఊళ్ళో నన్ను వేశారు. విమానం దిగాక బడివాళ్ళ వ్యానులో ఐదు గంటల ప్రయాణం. పోనుపోను ఇళ్ళు తగ్గిపోయాయి, ఎర్రమట్టి, బోడిబండలు, పొట్టి చెట్లు, దూరంగా గొర్రెల మంద. ఇంత దూరం వచ్చి మళ్ళీ వేంపల్లె దారినే పోతున్నానా ఏమిటని నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఊరంటే ఒక బడి, ఒక ఆసుపత్రి, పెట్రోలు బంకు, పోస్టాఫీసు, రెండు చర్చిలు, అంతే. తక్కిన జనమంతా మైళ్ళ దూరాన ఎక్కడెక్కడో విడివిడిగా ఉంటారు. వాళ్ళలో చాలామందికి కొళాయి లేదు. బడి పక్కనున్న నీళ్ళ పంపు దగ్గరికి చిన్న ట్రక్కుల్లో డ్రమ్ములేసుకుని వచ్చి, నింపుకుని పోతారు.

మొదటి ఆరు నెలలూ నేను ఎవరితోనూ కలవలేకపోయాను. పిల్లలు నా కళ్ళల్లోకి చూసేవాళ్ళు కారు, ప్రశ్న అడిగితే చాలాసేపు ఊరకుండేవాళ్ళు. పెద్దవాళ్ళ కళ్ళల్లోకి సూటిగా చూడకపోవడం వాళ్ళ మర్యాద అని తెలియక, నన్ను లెక్కచేయడం లేదనుకుని కుమిలిపోయాను. చలికాలం చివర ఒక శుక్రవారం నాడు ఉద్యోగం మానుకుంటున్నానని ఉత్తరం రాసి, సోమవారం ఇద్దామని సంచిలో పెట్టుకున్నాను.

పోయేముందు ఒక్క పని మిగిలింది. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, లెక్కల్లో చాలా చురుకు, రెండు వారాలుగా బడికి రావడం లేదు. శనివారం పొద్దున నీళ్ళు పట్టుకోను వచ్చిన ఆ పిల్ల మేనమామ కనబడితే అడిగాను. గొర్రెలు ఈనే కాలం, మా అమ్మ ఒక్కతే చూసుకోలేదు, అందుకే పిల్ల ఇంటి దగ్గరుంది అన్నాడు. ఆ పిల్లకు చదువుకునే పుస్తకాలైనా ఇచ్చి వద్దామని అతని ట్రక్కు ఎక్కాను. డ్రమ్ములు దించడానికి సాయం పట్టి, అంచు మీద తిప్పడం అతని దగ్గరే నేర్చుకున్నాను. అతను గడ్డి తెస్తానని టౌనుకు పోయాడు. మధ్యాహ్నానికి మంచు కురిసింది, మర్నాటికి ఎండ కాసి మంచంతా కరిగి, ఆ మట్టిదారి మోకాటిలోతు బురదైపోయింది. ఫోను పనిచేయదు. నాలుగు రోజులు నేను ఆ ఇంట్లో ఉండిపోయాను.

ఆ ఇంటిని హోగన్ అంటారు. ఎనిమిది పలకల గది, దుంగల గోడలు, కప్పు మీద మందంగా మట్టి, వాకిలి తూర్పుకు. నడుమ ఇనుప పొయ్యి. లోపలికి అడుగుపెట్టగానే మా ఊరి మట్టిమిద్దె వాసన వచ్చింది. పిల్ల అమ్మమ్మ నేల మీద గొర్రెతోలు పరుచుకుని కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, నేలను తాకే పావడా, తలకు రుమాలు. ఆమెకు ఇంగ్లీషు రాదని పిల్ల ముందే చెప్పింది. నా పక్క ఒకసారి చూసి, ఏమీ అడగకుండానే పొయ్యి మీద గిన్నె పెట్టి, నీలం రంగు మొక్కజొన్నల పిండిని, ఏదో ఆకు కాల్చిన బూడిద కొంచెం కలిపి, పుల్లల కట్టతో గరగరా కెలకడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి తిరిగే తీరు, ఆ గిన్నె అంచును గుడ్డతో అదిమిపట్టడం, ఆ ఉడుకు వాసన చూసి నా నోట్లోంచి నాకు తెలియకుండానే మాట జారింది.

"ఇదేందవ్వా, మా అమ్మ కెలికే సంగటి మాదిరే ఉండాదే!"

ఆమె తలెత్తి, తన భాషలో ఏదో అని, గిన్నెలో ఇంకో గరిటె పిండి వేసింది. నేను మళ్ళీ తెలుగులోనే, అదీ మా అమ్మ తెలుగులోనే, చాలవ్వా, ఇంత యాడ తినేది అన్నాను. నలభై ఏళ్ళుగా నా నాలుక మీదికి రాని మాటలు. నవ్వేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు గనుక వచ్చాయేమో.

మూడో రోజు మధ్యాహ్నం ఒక గొర్రె పొద్దుటి నుంచీ నొప్పులు పడుతూ లేవలేకపోయింది. కడుపులోని గొర్రెపిల్లది ఒక కాలు మాత్రం బయటికి వచ్చింది, తల వెనక్కి తిరిగిపోయింది. అవ్వ వేళ్ళు కీళ్ళనొప్పులతో వాచి ముడుచుకుపోయి ఉన్నాయి, ఆమె చెయ్యి దూరదు. మనవరాలు గొర్రెను కదలకుండా అదిమిపట్టుకుని ఉంది. అవ్వ నా చేతుల వైపు చూసింది. నావి చిన్న చేతులు. మా అమ్మ మేకలు ఈనేటప్పుడు పక్కన కూర్చున్నదాన్నే గాని, ఈ పని నేనెప్పుడూ చేయలేదు. వేడినీళ్ళతో కడుక్కుని, కొవ్వు పూసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. అవ్వ తన భాషలో చెబుతోంది, మనవరాలు ఏడుస్తూ ఇంగ్లీషులో అంటోంది, నాకు రెండూ వినపడటం లేదు. నా నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఉండు తల్లీ, ఉండు. ఇంగ రోంత. బయపడాకు, నేనుండా గదా. అయిపాయె, అయిపాయె."

ఆ గొంతు నాది కాదు, మా అమ్మది. తల చేతికి దొరికింది, మెల్లగా ముందుకు తిప్పాను, గొర్రెపిల్ల జారి నా ఒళ్ళో పడింది. కదలలేదు. అవ్వ దాన్ని లాక్కుని, ముక్కులో గడ్డిపరక పెట్టి, గోనెపట్టతో గట్టిగా రుద్దింది. అది తుమ్మింది. ముగ్గురం ఒక్కసారే నవ్వాం.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర గొర్రెపిల్లను ఆరబెట్టుకుంటూ అవ్వ మనవరాలితో నన్ను ఒక మాట అడిగించింది. గొర్రెతో మాట్లాడిన భాష ఏది, అది నువ్వు బడిలో ఎందుకు మాట్లాడవు అని. నేను నవ్వేసి, హాస్టలు కథ చెప్పాను. పిల్ల దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాక అవ్వ పొయ్యిలో ఇంకో కట్టె వేసింది. తర్వాత తన కథ చెప్పింది. చిన్నప్పుడు తననూ దూరపు హాస్టలు బడికి పట్టుకుపోయారట. జడ కత్తిరించారట. తన భాషలో మాట్లాడితే నోట్లో సబ్బు పెట్టి కడిగారట. రెండో ఏడు పారిపోయి వస్తే, వాళ్ళ నాయన మళ్ళీ పట్టుకుపోకుండా గొర్రెల వెంట కొండల్లోకి పంపించి దాచాడట. ఇంగ్లీషు తనకు తెలియక కాదు, ఆ రోజు నుంచీ నోట పలకలేదు, అంతేనట.

చివర ఆమె ఇంకో మాట అంది. పిల్ల ఇంగ్లీషులోనే చెప్పినా నాకది మా ఊరి మాటగానే చెవిన పడింది. "ఈడ నీ మాటలే మాట్లాడుకో. మా గొర్రెలు తప్పులు పట్టవు."

అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. "మా అమ్మ మా ఇంటికొస్తే నోరు తెరిచేది కాదవ్వా. నాకు నామోషీ అని వంటింట్లో కూసునేది. నేను ఒగసారన్నా బయటికి పిల్చలేదు" అని తెలుగులోనే చెప్పుకున్నాను. ఏమన్నావని పిల్ల అడగలేదు. అవ్వ ఉన్ని దువ్వుకుంటూ, మధ్యమధ్య ఊఁ కొడుతూ, నేను ఆపేదాకా విన్నది. ఒక్క ముక్క అర్థం కాకుండా నన్ను అంత బాగా విన్న మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు.

ఐదో రోజు దారి ఆరింది. ఉత్తరం చించేసి మూడేళ్ళు ఉన్నాను. ఆదివారాలు చర్చి కాగానే ఆమె దగ్గరికి పోయేదాన్ని, నీళ్ళు దించేదాన్ని, సాయంత్రం దాకా ఆమె ఆమె భాషలో, నేను నా భాషలో మాట్లాడుకునేవాళ్ళం. ఆమెకు నా మాటల్లో "శానా" ఒక్కటే పట్టుబడింది. పిండి ఎంత వేయమని మనవరాలు అడిగితే వేలెత్తి శానా అనేది. ఆ పిల్ల హైస్కూలు ముగించిన ఏడే నేను తిరిగి వచ్చేశాను.

వచ్చాక నేను మా పల్లె మాటలే మాట్లాడటం మొదలుపెడితే మా అమ్మాయి కంగారుపడింది. నలుగురిలో అట్లా మాట్లాడొద్దమ్మా అంది. దాని తప్పేముంది, పుట్టినప్పటి నుంచీ దానికి ఆ మాటలు వినిపించనిదాన్ని నేనే గదా. పోయిన చలికాలం అవ్వ మనవరాలు, ఆ పిల్ల, ఫోను చేసింది. ఇప్పుడు పిల్లేమిటి, ఇద్దరు బిడ్డల తల్లి. నేను లెక్కలు చెప్పిన గదిలోనే వాళ్ళ భాష చెబుతోందట, అవ్వ మాట్లాడగా రికార్డు చేసుకున్నవి పిల్లలకు వినిపిస్తోందట. అవ్వ పోయిందని చెప్పింది. పోయినవాళ్ళ పేరు వాళ్ళు పలకరు, నేనూ పలకలేదు.

సబ్బుతో కడిగినచోట ఇప్పుడు ఆ భాషకు ఒక గది, ఒక గంట దొరికాయి. ఇక్కడ మా మాటలను ఎవరూ కొట్టలేదు, నోరు కడగలేదు, కాస్త నవ్వారంతే, అవే వెళ్ళిపోయాయి. మా పల్లెకు పోతే పిల్లలందరూ టీవీలో మాదిరి మాట్లాడుతున్నారు. నాతో ఆ మాటలు మాట్లాడేందుకు మిగిలింది మా పెద్దమ్మ కూతురు ఒక్కతే. అక్కకు ఎనభై దాటాయి, మతిమరుపు వచ్చింది. ప్రతి ఆదివారం నేను ఫోను చేస్తాను. పోయిన వారమే మాట్లాడిన సంగతి ఆమెకు గుర్తుండదు. "యాడుండావు మే? నీ గొంతు ఇని శానా దినాలాయె గదా" అంటుంది. నేను సరిచేయను.

"అవునక్కా, శానా దినాలాయె" అంటాను.