అరడుగు ఎడమకి: స్కార్‌బరో నుంచి ఓక్‌విల్‌కి ఒక శనివారం

పోయిన శనివారం నేను ఓక్‌విల్ వెళ్ళింది ఊరు చూడటానికి కాదు, నా నోరు సరిచేసుకోవడానికి. మా అమ్మాయి హారికకు పదిహేడేళ్ళు. రెండేళ్ళుగా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతోంది. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడేది. ఎదుటివాళ్ళను ఆపే నలుగురి ముందు వరసలో, మధ్యలో దీని చోటు. నేను చూసిన ప్రతి ఆటలోనూ నేల మీదే ఉండేది. మైకులో దీని పేరు ఒక్కసారీ వినపడలేదు. పాపం ఆడటం రాదేమో అనుకుని ప్రతిసారీ “పోనీలే తల్లీ” అని ఓదార్చేదాన్ని. శుక్రవారం బ్యాగు సర్దుకుంటూ, “డోంట్ సే పోనీలే అగైన్, అమ్మా. ఆర్ జస్ట్ డోంట్ కమ్,” అంది. కన్నతల్లిని రావద్దంటుందా!

హారిక జట్టు బస్సులో వెళ్ళింది. నేను పులిహోర డబ్బా పట్టుకుని తొమ్మిదిన్నరకు స్కార్‌బరోలో మా ఇంటి దగ్గర సిటీ బస్సెక్కి, రైలు పట్టుకుని, డౌన్‌టౌన్‌లో మారి, పన్నెండుకు ఓక్‌విల్‌లో దిగాను. రైలుకు పన్నెండు డాలర్ల దాకా అయింది. స్టేషన్ నుంచి గ్రౌండుకు టాక్సీ పద్నాలుగు. డ్రైవర్ వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నాడు. “గా ఆటల ఏం జరుగుతదో నాకైతే ఎన్నడూ సమజ్ కాలే ఆంటీ,” అన్నాడు. “నాకూ అంతే నాయనా,” అన్నాను.

మధ్య స్టాండు అప్పటికే నిండిపోయింది. గోల్‌పోస్టుల వెనక బల్ల మీద ఒక్క పెద్దాయన కూర్చుని ఉన్నారు. కాకినాడ సూర్యారావు గారు, కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యారట. ఆయన మనవరాలు అవతలి జట్టులో వంగుని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి బంతి అందించే పిల్ల. దానికి ఎదురుగా నిలబడేది మా అమ్మాయేనని చెప్పాను.

“ఆ పిల్ల మీ అమ్మాయా! దాని వీడియోలు చూసి మావాళ్ళకి వారం నుంచి నిద్ర లేదమ్మా!”

“ఎప్పుడూ కిందే పడుంటుంది కదండీ?”

“దాని మీద ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా లెక్కపెట్టావా? ఇద్దరు! ఇద్దరూ అక్కడే చిక్కుకుంటే దాని వెనకున్న మీ జట్టు పిల్లకి అడ్డెవరు? బంతితో వచ్చేదాన్ని పట్టుకునేది అది, పేరొచ్చేదీ దానికే. బంతిని చూడకమ్మా. మీ అమ్మాయి కాళ్ళు చూడు.”

చూశాను. వెనక నుంచి చూస్తే మనుషుల మధ్య సందులన్నీ కనిపిస్తాయి. ఆ నలుగురూ ఒకసారి ఎడంగా పరుచుకుంటారు, ఇంకోసారి దగ్గరికి ముడుచుకుంటారు. వీళ్ళు ఒక్క అడుగు మారితే చాలు, అవతలి వరసంతా కంగారుగా అరుచుకుంటుంది. ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ నాకు కుప్పగా కనపడిన దానిలో ఇంత లెక్క ఉందా అని నోరు తెరుచుకుని కూర్చున్నాను.

ఆట చివరికొచ్చేసరికి బంతి మా వైపుకే వచ్చింది. అవతలివాళ్ళకు అది మూడో ఛాన్సు, చివరిది. ఇంకొక్క గజం ముందుకెళ్తే చాలు. “ఇక్కడి రూలు ప్రకారం ఆపేవాళ్ళు బంతికి గజం దూరంలో నిలబడాలి. ఆ ఖాళీ గజం వాళ్ళకి ఊరికే దొరికినట్టే. ఇది ఆపడం మాటలు కాదు,” అన్నారు సూర్యారావు గారు. నలుగురూ దగ్గరికి ముడుచుకున్నారు. ఆఖరి క్షణంలో హారిక అరడుగు ఎడమకి జరిగింది. బంతి కదలగానే వంగి ఆ సందులోకి దూరింది. ఇద్దరు దాని మీద పడ్డారు. బంతితో పరిగెత్తిన పిల్ల ఆ కుప్పకే గుద్దుకుని ఆగింది, వెనక నుంచి ఇంకో అమ్మాయి పట్టేసింది. మైకులో ఆ అమ్మాయి పేరే చెప్పారు. నేను మాత్రం “హారికా!” అని గొంతు పోయేలా అరిచాను. తన మనవరాలు కింద పడిందన్నది మరిచిపోయి ఆయనా చప్పట్లు కొట్టారు.

అయినా మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. గేటు దగ్గరికి హారిక బురదతో, ముఖం వేలాడేసుకుని వచ్చింది. ‘పోనీ’ దాకా నాలుక మీదికొచ్చింది. మింగేశాను.

“చివర్లో అరడుగు ఎడమకి జరిగావెందుకే?”

అది ఆగిపోయింది. ఇంట్లో అన్నిటికీ ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చే పిల్ల, “చూశావా అమ్మా?” అంది.

కోచ్‌కి చెప్పి, జట్టు బస్సు వదిలేసి నాతో రైలెక్కింది. దారంతా పులిహోరలో పల్లీలు ఏరి డబ్బా మూత మీద జట్టుకి పన్నెండు చొప్పున వరసలు పేర్చి ఆట చూపించింది. నా కూతురు ఇద్దరిని మోస్తుంటే ఓడిపోతోందనుకుని జాలిపడ్డాను. జాలిపడటం సులువు, చూడటానికి మాత్రం నాకు రెండేళ్ళు పట్టింది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: గోల్‌పోస్టుల వెనకే కూర్చోండి. పులిహోరలో పల్లీలు కాస్త ఎక్కువ వేయండి, రెండు జట్లకూ కలిపి ఇరవై నాలుగు కావాలి.