వాన్ ఊళ్ళో ఇనుపకాలు

ప్రపంచ క్రీడా చరిత్రను గ్రంథస్థం చేసిన పండితులు ఒక ప్రధాన ఘట్టాన్ని పూర్తిగా విస్మరించారు. ఆట ఉత్కంఠ దశకు చేరగానే శేషగిరి లేచి బయటికి వెళ్ళిపోవడమే ఆ ఘట్టం. 2011లో ముంబైలో ధోనీ కొట్టిన ఆఖరి సిక్సర్ గురించి రాయనివాడు పాపాత్ముడు. ఆ క్షణాన శేషగిరి రాజమండ్రిలో మేడమీద నీళ్ళట్యాంకు చాటున చెవులు మూసుకుని కూర్చున్న సంగతి మాత్రం ఎవ్వరూ రాయలేదు.

ఈ అలవాటుకు మూలం 1996 నాటి కోల్‌కతా సెమీఫైనల్. శేషగిరి మ్యాచ్ చూద్దామని బావమరిది గోపీకృష్ణ ఇంటి గడప దాటి కాలు లోపల పెట్టాడు. అక్కడ సచిన్ స్టంపౌటయ్యాడు. తరవాతి కథ దేశమంతా ఏడుస్తూ చూసింది. గోపీకృష్ణ మాత్రం టీవీని వదిలేసి శేషగిరి కాలివంక చూశాడు.

"బావా, ఏమీ అనుకోకు. నీది ఐరన్ లెగ్గు."

ఆ కాలు పడ్డచోట ఏ పనైనా బూడిదేనని దాని తాత్పర్యం. అప్పట్నించీ చుట్టాలు అతన్ని పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ మర్యాదగానే పిలిచేవారు. కాకపోతే కాస్త ఆలస్యంగా రమ్మనేవారు. మొదట్లో శేషగిరి నవ్వేసేవాడు. పదిమంది పదిసార్లు అనేసరికి, నవ్వుతూనే నమ్మడం మొదలుపెట్టాడు.

నలభై దాటాక కెనడాలో శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. భార్య సుప్రజతో అక్కడికి చేరి, వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో సరుకు దించుకునే విభాగంలో కుదురుకున్నాడు. కాలితోపాటు బిరుదూ వచ్చింది. దానికి వీసా అడిగినవాడు లేడు.

షిఫ్టులో సగంమంది ఫిలిప్పీన్స్ వాళ్ళే. వాళ్ళందరికీ పెద్ద రోడెల్, నవ్వితే గోడౌనంతా వినబడే మనిషి. మనకు క్రికెట్ ఎంతో వాళ్ళకు బాక్సింగూ బాస్కెట్‌బాలూ అంత. 2015లో వాళ్ళ దేశపు బాక్సర్ పాకియావ్ మేవెదర్‌తో తలపడ్డప్పుడు రోడెల్ అందర్నీ తన బేస్‌మెంటుకు పిలిచాడు. శేషగిరి మొహమాటానికి వెళ్ళి పన్నెండు రౌండ్లూ చివరిదాకా చూశాడు. పాకియావ్ ఓడిపోయాడు. మీసాలు నెరిసినవాళ్ళు సోఫాలో మొహాలు దాచుకున్నారు. శేషగిరి తన కాలివంక చూసుకున్నాడు. అంటే ఇది ఇక్కడ కూడా పనిచేస్తోందన్నమాట!

ఆనాటినుంచి ఫిలిప్పీన్స్ క్రీడారంగానికి అతను చేసిన సేవ అజ్ఞాతమైనది. హిడిలిన్ డియాజ్ టోక్యోలో బరువెత్తి ఆ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చినప్పుడు లంచ్‌రూమంతా ఒక ఫోను మీద వాలిపోతే, శేషగిరి పనేమీ లేకుండా గోడౌన్ ఫ్రీజర్ గదిలో నిలబడ్డాడు. పారిస్‌లో కార్లోస్ యూలో జిమ్నాస్టిక్స్‌లో శనివారం ఒకటీ, ఆదివారం ఒకటీ స్వర్ణాలు గెలిచినప్పుడు, రోడెల్ ఇంటిముందు రెండు పూటలూ కార్లోనే కూర్చున్నాడు.

రోడెల్ ఉండబట్టలేక అడిగాడు. "కుయా, నీకు మా వాళ్ళ గెలుపంటే ఇష్టం లేదా?" కుయా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య.

"అయ్యో, అది కాదు రోడెల్. ఐ హావ్ ఐరన్ లెగ్."

రోడెల్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఐరన్ లెగ్! ఇన్నేళ్ళూ చెప్పలేదేం? సిపా ఆడేవాడివా?"

సిపా అంటే కాలితో తన్ని ఆడే వాళ్ళ పాతకాలపు ఆట. శేషగిరి అపశకునాన్ని ఇంగ్లీషులో వివరించబోయాడు. సరైన మాట తట్టేలోగా బ్రేక్ అయిపోయింది. మర్నాటికి అతను రాజమండ్రి తరఫున ఆడిన ఆటగాడయ్యాడు. వారం తిరిగేసరికి ఇండియా జట్టులోకి వచ్చాడు.

ఇంతవరకూ నవ్వులాటే. భయమంతా లిడియాతో వచ్చింది.

లిడియా రోడెల్ కూతురు, పదమూడేళ్ళది. ఎనభైల్లో ఆసియాలోకెల్లా వేగంగా పరిగెత్తిన తమ దేశపు లిడియా డి వేగా పేరును రోడెల్ ముచ్చటపడి పెట్టుకుంటే, పిల్ల వెళ్ళి జిమ్నాస్టిక్స్‌లో చేరింది. పిల్లల్లేని శేషగిరి ఇంట్లో సుప్రజ పులిహోర తిని, అతన్ని "టిటో" అంటూ, అంటే మావయ్యా అంటూ, పెరిగిన పిల్ల. పోయిన చలికాలం రోడెల్‌ను జిమ్ దగ్గర దింపడానికి వెళ్ళినప్పుడు, బయట మంచు పడుతోందని శేషగిరి ఒక్క కాలు తలుపు లోపల పెట్టాడు. సరిగ్గా అప్పుడే లిడియా వాల్ట్ చేస్తోంది. పరిగెత్తుకొచ్చి, ఎత్తైన బల్లమీద చేతులాన్చి, గాల్లో పల్టీ కొట్టే విన్యాసమది. పిల్ల పక్కకు పడింది. మణికట్టు విరిగింది. అది తన కాలి పనేనని శేషగిరి ఒక్క సుప్రజకే చెప్పుకున్నాడు.

చెయ్యి అతికాక ఇదే మొదటి పోటీ. టిటో రావాల్సిందేనని పిల్ల పట్టు.

"నేను వెళ్ళను సుప్రజా. జ్వరమని చెప్పు."

"చెబుతాను. పోటీ మానేసి మిమ్మల్ని చూడ్డానికి ఇక్కడికే వస్తుంది. అప్పుడా కాలు ఎక్కడ దాస్తారు?"

"ఎగతాళి కాదే. అప్పుడు చెయ్యి విరిగింది. ఈసారి మెడ మీద పడితే?"

సుప్రజ చేతిలో గరిట ఆగింది. "ఆ మాట అనకండి. పైన తథాస్తు దేవతలుంటారు."

"కెనడాలోనా?"

"మీ కాలు వచ్చింది కదా, వాళ్ళు రాలేరా?"

శనివారం ఉదయం శేషగిరి వెళ్ళాడు. తలుపు దగ్గర కూర్చుని, లిడియా వంతు రాగానే వాష్‌రూమ్‌కు వెళ్ళిపోవాలని పథకం. రోడెల్ ముందు వరుసలో, సరిగ్గా మధ్యలో సీటు ఆపి ఉంచాడు. అటు అత్తలు, ఇటు బాబాయిలు. దాటి వెళ్ళాలంటే ఆరు జతల మోకాళ్ళు. ఎవరో పిల్ల సన్నటి దూలంలాంటి బీమ్ మీదనుంచి జారితే ఆ చప్పుడుకు శేషగిరే సీట్లోంచి లేచిపోయాడు.

వంతుకు ముందు లిడియా పరుగున వచ్చింది. వాళ్ళ ఆచారం ప్రకారం అతని చెయ్యి తీసుకుని నుదుటికి తాకించుకుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత వంగి, అరచెయ్యి అతని కుడి మోకాలిమీద గట్టిగా ఆనించింది.

"ఫర్ లక్, టిటో. ఐరన్ లెగ్!"

తేలు కుట్టినట్టు శేషగిరి కాలు లాక్కున్నాడు. అప్పటికే తాకేసింది. అదీ విరిగి అతికిన చెయ్యే. ఇంక ఇక్కడ ఉండకూడదని లేచాడు.

"స్టే పో, టిటో" అంది పిల్ల.

వాళ్ళ భాషలో ఆ 'పో' మన 'అండీ' లాంటిది, గౌరవానికి అంటారు. కంగారులో శేషగిరికి ఉండమనడం, పొమ్మనడం రెండూ కలిపి వినబడ్డాయి. ఎటూ తేలక మొహంలోకి చూశాడు. పిల్ల పెదవులు తెల్లబడి ఉన్నాయి. కట్టు చుట్టిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఉంది.

"ఐయామ్ స్కేర్డ్. నువ్వు చూస్తుంటే పడను" అంది ఇంగ్లీషులోనే, వాళ్ళ నాన్నకు వినబడకుండా.

వెళ్తే పిల్ల ధైర్యం పోతుంది. ఉంటే పిల్లే పోతుందేమో. శేషగిరి కూలబడ్డాడు.

లిడియా దూరంగా పరుగుబాట చివర నిలబడి ఇటే చూస్తోంది. కళ్ళు మూసుకోవడానికి వీల్లేదు. చూపు తప్పించలేనివాడు కనీసం కాలైనా నేలమీద పెట్టకూడదనుకుని, కుడికాలు రెండు చేతులా పట్టి గాల్లోకి ఎత్తాడు. ఆంజనేయ దండకంలో మొదటి పాదం దగ్గరే ఆగిపోయి అదే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు.

రోడెల్ ఇది గమనించాడు. "సిపా పట్టు" అని పక్కవాళ్ళకు గుసగుసగా చెప్పి, భక్తిగా తన కాలూ ఎత్తాడు. వరుసంతా ఎత్తింది. ఎనభయ్యేళ్ళ అమ్మమ్మ కూడా చేతికర్ర ఆసరాతో ఎత్తింది.

పిల్ల పరిగెత్తింది. ఎగరడానికి తొక్కే బోర్డు దబ్బున మోగింది. చేతులు బల్లకు తగిలాయి. ఆ మణికట్టు! పిల్ల గాల్లో చుట్టలా తిరిగి, కిందికి దిగి, రెండు పాదాలమీద పడి, వెనక్కి ఒక అడుగు తూలి, నిలబడింది. చేతులు పైకెత్తింది. అలాగే నిలబడి ఉంది.

వరుసంతా ఒక్క కేక పెట్టింది. రోడెల్ ఏడుస్తూ శేషగిరి కాలిని కావలించుకున్నాడు.

ఆ రోజు వాల్ట్‌లో పధ్నాలుగు మంది పోటీపడ్డారు. లిడియాకు తొమ్మిదో స్థానం వచ్చింది.